నిఘాకు గడువు

"కేడీ" అన్న మాట మన ఇళ్లలో ముద్దుమాటగా చెల్లిపోతోంది. అల్లరి పిల్లవాణ్ని "వీడు పెద్ద కేడీ" అంటాం. వాడూ నవ్వుతాడు, మనమూ నవ్వుతాం. కాని ఆ మాట పుట్టింది పోలీసు ఠాణాలో. "నోన్ డిప్రెడేటర్" అని తెల్లవాళ్ల కాలంలో పోలీసులు తమ రిజిస్టర్లలో రాసుకున్న మాటకు అవి పొడి అక్షరాలు. దోచుకునేవాడని తెలిసినవాడు అని అర్థం. అటువంటి మనిషికి ఇప్పుడు వేరే పేర్లున్నాయి. మన చెన్నపట్నంలో తమిళ పత్రిక తెరిస్తే "సరిత్తిర పదివేడు కుట్రవాళి" అని కనిపిస్తుంది. తడ దాటి నెల్లూరు వైపు వెళితే "రౌడీషీటరు" అంటారు.

"తెలిసినవాడు" అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. తెలిసిందేమిటి? అతను చేసిన పని. దానికి కోర్టు ఉంది, శిక్ష ఉంది, జైలు ఉంది. ఆ లెక్క అక్కడితో సరి. ఠాణాలోని కాగితం మాత్రం చేసినదాని కోసం రాసింది కాదు, చేయబోయేదాని కోసం రాసింది. చేయబోయేది ఎవరికి తెలుసు? జాతకాలు చెప్పేవాడికి తెలుసునని కొందరం నమ్ముతాం. పోలీసు ఇన్స్పెక్టరుకు తెలుసునని మాత్రం అందరమూ నమ్ముతాం.

ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. శిక్ష అనుభవించి బయటికి వచ్చిన మనిషిని, మళ్లీ చేస్తాడేమోనన్న భయంతో ప్రభుత్వం కనిపెట్టి ఉండవచ్చునా? ఉండవచ్చునంటే ఎంతకాలం? "ఇక చాలు" అని చెప్పవలసినది ఎవరు? మొదటి ప్రశ్న మీద మనవాళ్లు చాలా వాదించారు. మూడోదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నా మట్టుకు నాకు మూడోదే అసలు ప్రశ్న అనిపిస్తుంది.

ముందుగా భయం పక్షాన మాట్లాడాలి. భయపడేవాళ్లను తెలివితక్కువ వాళ్లుగా చూసే వ్యాసాలు చాలా చదివాను. అవి న్యాయంగా లేవు. మా వీధిలో ఒక వితంతువు ఉంది. కొన్నేళ్ల కిందట సందు మలుపులో ఆమె మెడలోని గొలుసు తెంపుకు పోయారు. గొలుసుతో పాటు మెడ చర్మమూ లేచిపోయింది. అదే వీధిలో, దోపిడీ కేసులో ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చిన మనిషి ఒకడు కాపురముంటున్నాడు. ఆమె గొలుసు తెంపినవాడు ఇతను కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా రాత్రి గస్తీ కానిస్టేబులు అతని గుమ్మం ముందు బండి ఆపిన రోజున ఆమెకు నిద్ర పడుతుంది. ఆ నిద్రను నేను తేలికగా తీసిపారేయలేను. ఒంటరి ఆడమనిషి నిద్రపోగలగడం కూడా న్యాయంలో భాగమే.

ఇక ఆ మనిషి సంగతి. కూరగాయల మార్కెట్టులో మూటలు దించే పనికి కుదిరాడు. ఎన్నికలు వస్తే పిలుపు, వినాయక చవితి ఊరేగింపు వస్తే పిలుపు, పేటలో ఎక్కడ తాళం పగిలినా పిలుపు. మూడుసార్లు పనికి రాకపోయేసరికి మండీ యజమాని వేరే మనిషిని పెట్టుకున్నాడు. యజమాని చెడ్డవాడు కాడు, తెల్లవారుజామున లారీ నిలబడి ఉంటే మూటలు దించే మనిషి కావాలి, అంతే. కనిపెట్టి ఉండడం కూడా ఒక భారమని, ఆ భారం ఒక మనిషి భుజాల మీద పడుతుందని అప్పుడు అర్థమవుతుంది. భారమన్నాక దానికి లెక్క ఉండాలి, గడువు ఉండాలి.

గడువు చట్టాల్లో లేకపోలేదు. మద్రాసు కాలం నాటి పోలీసు స్టాండింగ్ ఆర్డర్లలోనే ఉంది. హిస్టరీ షీటు తెరిచిన రెండేళ్ల తర్వాత కూడా దాన్ని ఉంచాలంటే గెజిటెడ్ అధికారి ఉత్తర్వు కావాలి. ఆ పొడిగింపు మొదట వచ్చే డిసెంబరు దాకా, ఆ పైన జనవరి నుంచి డిసెంబరు వరకు ఏడాదికొక సారి. కాగితం మీద చూస్తే ముచ్చటైన ఏర్పాటు. ఏటేటా ఒక మనిషి కూర్చుని, ఈ షీటు ఇంకా అవసరమా అని తనను తాను అడుగుకోవాలి. కాని అడిగేదీ పోలీసే, జవాబు చెప్పేదీ పోలీసే. పొడిగింపు ఉత్తర్వులు యాంత్రికంగా ఇచ్చారనో, అసలు ఇవ్వనే లేదనో మన హైకోర్టు ఎన్నో షీట్లను కొట్టివేసింది. హైకోర్టు దాకా వెళ్లగలిగినవాళ్ల సంగతి అది. వెళ్లలేనివాళ్ల షీట్లు డిసెంబరు దాటి జనవరిలోకి నడిచిపోతూనే ఉంటాయి.

ఇది పోలీసుల బద్ధకం వల్ల మాత్రమే జరిగే పని అనుకుంటే పొరపాటు. కనిపెట్టి ఉండేవాడి స్థానంలో నిజాయితీపరుణ్ని కూర్చోబెట్టినా ఇదే జరుగుతుంది. ఎలాగంటే, నిఘాలో ఉన్న మనిషి తప్పు చేశాడనుకోండి, నిఘా అవసరమని రుజువైంది. చేయలేదనుకోండి, నిఘా పనిచేస్తోందని రుజువైంది. రెండు దారులూ ఒకే చోటికి వస్తాయి. ఆ మనిషి ఏం చేస్తే నిఘా అక్కరలేదని రుజువవుతుంది? ఏమీ లేదు. కాపలావాడి కళ్లతో చూసినంతకాలం కాపలా ముగియడానికి కారణమంటూ దొరకదు. అనుమానం పెనుభూతమని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ భూతానికి ఏది పెట్టినా ఆహారమే అవుతుంది. అందుకే "ఇక చాలు" అనే మాట బయటినుంచి, నిఘాతో సంబంధం లేని మనిషి నోట రావాలి. కోర్టు సమీక్ష అన్నదానికి నేను ఇచ్చుకునే అర్థం ఇదే. పోలీసుల కంటే న్యాయమూర్తులు మంచివాళ్లని కాదు. న్యాయమూర్తి ఆ కాపలా కాయడం లేదు గనక.

బయటివాణ్ని అడగనివ్వకపోతే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో ఒక సెక్షను చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఫలానా జాతి నేరస్థ జాతి అని ప్రభుత్వం ప్రకటించాక, ఆ ప్రకటన చట్టప్రకారం జరిగిందా లేదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. ప్రకటనే తిరుగులేని సాక్ష్యం. 1911లో కొత్త చట్టం వచ్చి మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. ఇక్కడి సెయింట్ జార్జి కోట నుంచి వెలువడిన ఉత్తర్వులతోనే ఎరుకలవారిని సెటిల్మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్మెంటుకు సర్ హెరాల్డ్ స్టూవర్టు అనే దొర పేరు మీద స్టూవర్టుపురం అని పేరు పెట్టారు. పూటపూటా హాజరు వేయించుకోవాలి, పొలిమేర దాటాలంటే పాసు ఉండాలి. తమిళనాట మదురై ప్రాంతపు కళ్లర్లకు వేలిముద్రల హాజరు వచ్చిపడింది. దాన్ని ఎదిరించిన పెరుంగామనల్లూరు గ్రామం మీద 1920 ఏప్రిల్ 3న తుపాకులు పేలాయి, ఊరివాళ్లు నేలకొరిగారు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మనకొక సామెత ఉంది. ఇంట్లో విసుక్కుంటూ అనే మాట. ఆ సామెతను చట్టంగా రాస్తే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అవుతుంది. నెల్లూరు సీమలో యానాదుల కోసం జీవితమంతా పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు పోరాడగా పోరాడగా, మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. దాని చోట మద్రాసులో 1948లోనే అలవాటు పడ్డ నేరస్థుల కట్టడి చట్టం వచ్చింది. పాతదానికి ముసుగు వేశారని దీన్ని నిందించినవాళ్లున్నారు. ఆ నింద అబద్ధం కాదు. కాని ఒక అడుగు మాత్రం ముందుకు పడింది. మనిషిని పుట్టుకను బట్టి కాక, అతనికి పడిన శిక్షలను బట్టి చూడాలన్నారు. జాతి నుంచి మనిషి దాకా వచ్చాం. నిన్నటి మనిషి నుంచి నేటి మనిషి దాకా రావడమే ఇంకా మిగిలి ఉంది.

ఆ రెండో అడుగు వేయించడానికి మద్రాసుతో సంబంధమున్న ఇద్దరు తెలుగువాళ్లు ప్రయత్నించారు. మొదటివారు కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టి, ఇక్కడ వకీలుగా పేరు తెచ్చుకుని, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో కొత్త ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. ఆయన సుప్రీంకోర్టులో ఉండగా 1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తర ప్రదేశ్ మనిషి. 1941లో ఒక బందిపోటు కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా అతని మీద హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టడం, ఉన్నాడా లేడా అని చూసి పోవడం. అప్పటికి అలా ఇరవై ఏళ్లు. మెజారిటీ న్యాయమూర్తులు రాత్రి ఇంటికి రావడం ఒక్కటి తప్పన్నారు, మిగతా నిఘా ఉండవచ్చునన్నారు. సుబ్బారావు గారు జస్టిస్ షాతో కలిసి విభేదించారు. కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన స్వేచ్ఛ కాదు, వెంట ఒక చూపు వస్తూ ఉంటే అతనికి దేశమంతా జైలే అన్నది ఆయన భావం. ఆ విభేదం యాభై అయిదేళ్లు లైబ్రరీ బీరువాల్లో ఉండి, 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల పుట్టస్వామి తీర్పులో సరైన మాటగా నిలబడింది.

రెండోవారు ఒ. చిన్నప్పరెడ్డి గారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదువుకున్నారు. 1980 డిసెంబరులో మలక్ సింగ్ కేసులో ఆయన ఇచ్చిన తీర్పు సుబ్బారావు గారి అభిప్రాయమంత ఎత్తున ఉండదు, నేల మీద నడుస్తుంది. పోలీసులు నిఘా రిజిస్టరులో పేరు ఎక్కించే ముందు ఆ మనిషిని పిలిచి అడగనక్కరలేదన్నారు. అడిగితే నిఘా ఎలా అవుతుంది? కాని పేరు ఎక్కించడానికి తగిన కారణం ఉండాలి, మనిషి పరువును తొక్కేటంత దగ్గరగా నిఘా ఉండకూడదు, ఎవరైనా కోర్టుకు వస్తే ఆ కారణమేమిటో ఫైలు తెప్పించి చూసే అధికారం న్యాయమూర్తికి ఉంటుంది అన్నారు. సుబ్బారావు గారు నిఘానే ప్రశ్నించారు. చిన్నప్పరెడ్డి గారు నిఘాను ఒప్పుకుని, దాని ముందు ఒక బయటివాణ్ని నిలబెట్టారు. యువకులం మొదటిదాన్ని మెచ్చుకుంటాం. గొలుసు పోగొట్టుకున్న ఆ వితంతువునూ, పని పోగొట్టుకున్న ఆ మూటల మనిషినీ ఒకే వీధిలో చూశాక నాకు రెండోది ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తోంది.

నిఘా ఒక్కటే కాదు, సత్ప్రవర్తన బాండు అని మరొకటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 110వ సెక్షను, 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 129. అలవాటుగా నేరాలు చేసేవాడు, బయట తిరగనిస్తే సమాజానికి ప్రమాదమనిపించేటంత తెగించినవాడు మూడేళ్ల దాకా బుద్ధిగా ఉంటానని జామీనుతో బాండు రాసివ్వాలి. తెగించినవాడని రుజువు చేయడం ఎలా? ఊళ్లో అతనికున్న పేరే సాక్ష్యంగా చెల్లుతుందని చట్టమే చెబుతోంది. అంటే మన అరుగుల మీద మాటలు, కొళాయి దగ్గర మాటలు సాక్ష్యాలన్నమాట. ఆ మాటలు అనేటప్పుడు మనం ప్రమాణం చేసి సాక్షి బోనులో నిలబడ్డామని మనకు తెలియదు.

ఈ బాండు విచారించవలసింది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. తమిళనాడులో 2013, 2014 ఉత్తర్వులతో ఆ అధికారాన్ని పోలీసు డిప్యూటీ కమిషనర్లకే ఇచ్చారు. పట్టుకునేదీ పోలీసు, బాండు రాయించుకునేదీ పోలీసు, బాండు తప్పాడని జైలుకు పంపేదీ పోలీసు. 2023 మార్చిలో మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచి ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. బాండు తప్పాడన్న కారణంతో మనిషిని జైలుకు పంపాలంటే జుడీషియల్ మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవలసిందేనంది. పత్రికల్లో అది అధికారాల విభజన గురించిన తీర్పుగా వచ్చింది. నాకు మాత్రం అందులో ఒక పాత నీతి కనిపించింది. కొలిచే చేయీ, అమ్మే చేయీ ఒకటైతే తూకం మీద నమ్మకం పోతుంది.

2024 మేలో సుప్రీంకోర్టు ఢిల్లీ కేసు ఒకదానిలో హిస్టరీ షీట్ల గురించే మాట్లాడింది. వెనుకబడిన వర్గాలవారి, దళితుల, గిరిజనుల పేర్లు పక్షపాతంతో యాంత్రికంగా షీట్లకెక్కుతున్నాయన్న ఆందోళనను గుర్తించింది. ఆ షీట్లలో ఏముందో అప్పుడప్పుడు పరిశీలించేందుకు ఢిల్లీలో ఒక పెద్ద పోలీసు అధికారిని నియమించమంది, మిగతా రాష్ట్రాలనూ ఆలోచించమంది. మంచిదే. కాని పరిశీలించేది పోలీసే గనక సగం దూరమే నడిచామనుకుంటాను.

మన భాషవాళ్లకు ప్రత్యేకంగా సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈ పట్నంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఏ లిపీ చదవలేని కుటుంబాలు పాత పేటల్లో ఎన్నో ఉన్నాయి. ఊరిని ఊడ్చి శుభ్రం చేసే పనిలో తరతరాలుగా ఉన్నవాళ్లు. అటువంటి ఇంటి కుర్రవాడికి తమిళంలోనో ఇంగ్లీషులోనో నోటీసు వస్తే దానికి జవాబు చెప్పుకునే హక్కు ఉన్నా లేనట్టే. 1962లోనే హరికిసన్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధంలో పెట్టిన మనిషికి కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలని స్పష్టం చేసింది. 1982 నాటి తమిళనాడు గూండా చట్టం కింద ఏడాది దాకా లోపల పెట్టవచ్చు. ఆ ఉత్తర్వులు ఎన్నో, కాగితాలకు అనువాదం ఇవ్వలేదన్న కారణంగా ఇక్కడి హైకోర్టులో నిలబడలేదు. సాంకేతిక కారణంతో వదిలేశారని జనం విసుక్కుంటారు. తన మీద ఏమి రాశారో తనకు తెలియడం సాంకేతికమా? సమీక్ష అంటేనే రెండు పక్షాలూ మాట్లాడడం. ఒక పక్షానికి భాష లేకపోతే మిగిలేది సమీక్ష కాదు, సంతకం.

కోర్టు చేతిలో పెడితే అంతా బాగైపోతుందా? కాదనడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2003లో ఒక చట్టం చేశారు. లైంగిక నేరాలు చేసినవాడి శిక్ష ముగిసే వేళకు, ఇతను ఇంకా ప్రమాదకారి అని అటార్నీ జనరల్ సుప్రీంకోర్టును నమ్మించగలిగితే, అతన్ని లోపలే ఉంచవచ్చు, లేదా షరతులతో పర్యవేక్షణలో పెట్టి వదలవచ్చు. రుజువు చేయవలసిన భారం ప్రభుత్వానిదే. లోపల ఉంచితే కోర్టు క్రమం తప్పకుండా సమీక్షించాలి. ఆ దేశపు హైకోర్టు 2004లో ఫార్డన్ కేసులో చట్టాన్ని సమర్థించింది. 2010లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ మాత్రం అతని నిర్బంధం అన్యాయమైనదేనంది. పూర్తయిన శిక్షకు కొత్త పేరు పెట్టి మళ్లీ శిక్షించడమేనని దాని అభిప్రాయం. కోర్టు ఉంది, సమీక్ష ఉంది, భారం ప్రభుత్వం మీద ఉంది. అయినా ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ముల్లు ఎక్కడుందో ఆలోచిస్తే న్యాయమూర్తి కుర్చీ దగ్గర కనిపిస్తుంది. ఆయన ముందు రెండు రకాల పొరపాట్లున్నాయి. నిఘా ఎత్తివేసిన మనిషి మళ్లీ ఎవరినైనా గాయపరిస్తే ఆ పొరపాటుకు ఒక ముఖం ఉంటుంది, తల్లి ఏడుపు ఉంటుంది, మర్నాటి పత్రికలో న్యాయమూర్తి పేరు ఉంటుంది. అక్కరలేని మనిషి మీద నిఘా కొనసాగిస్తే ఆ పొరపాటుకు సాక్షులుండరు. మారిపోయిన మనిషి ఒకడు పని దొరక్క, పిల్ల పెళ్లి కుదరక, గుమ్మం ముందు పోలీసు బండి చూసి తలవంచుకుని బతికేస్తాడు. అతను మారాడని ఎవరూ చూడలేరు, ఎందుకంటే అతన్ని మారనివాడిగానే ఉంచాం. ఒక పొరపాటు అరుస్తుంది, రెండోది నోరు మెదపదు. అరిచే పొరపాటుకే భయపడడం మనిషి సహజం. న్యాయమూర్తీ మనిషే.

నోరు మెదపని పొరపాటు తరఫున మాట్లాడేది ఏదైనా ఉందా అంటే, ఒకటే ఉంది, గడువు. ఒక తేదీ వస్తే నిఘా దానంతట అది పడిపోవాలి. కొనసాగించాలనుకున్నవాడు కోర్టుకు వచ్చి, ఈ ఏడాది కనిపించిన కారణం చెప్పి, మళ్లీ అడగాలి. పాత కేసుల జాబితా తిరిగి చదవడం కారణం కాదు, ఆ జాబితా పోయిన ఏడాదీ ఉంది. ఇప్పుడు మన దగ్గర జరిగేది తలకిందులు. ఏమీ చేయకపోతే నిఘా ఉంటుంది, తీసేయించుకోవాలంటే ఆ మనిషే వకీలును పెట్టుకుని హైకోర్టు మెట్లెక్కాలి. బద్ధకం ఎప్పుడూ ఎవరో ఒకరి పక్షాన పనిచేస్తుంది. ఇన్నాళ్లూ అది నిఘా పక్షాన పనిచేసింది, ఇక మీదట స్వేచ్ఛ పక్షాన పనిచేయనివ్వమంటున్నాను.

ఇది గాలిలో మేడ కాదు. మన చట్టాల్లోనే నమూనా ఉంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఎనిమిదో సెక్షనులో ఒక చిన్న ఏర్పాటు ఉంది. పర్యవేక్షించే ప్రొబేషన్ అధికారే కోర్టుకు దరఖాస్తు పెట్టుకుని, ఈ మనిషి నడవడిక బాగుంది, ఇంకా నా కాపలా అక్కరలేదు అని చెప్పవచ్చు. కోర్టుకు నమ్మకం కుదిరితే బాండు రద్దు చేస్తుంది. ఈ ఏర్పాటు చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. కాపలావాడి విజయం అంటే కాపలా అక్కరలేకపోవడమని చెప్పిన చట్టం ఇది. మందు మానిపించిన రోజు వైద్యుడు గెలిచినట్టు. పోలీసు ఠాణాలో ఒక షీటు మూసివేయడాన్ని కూడా పట్టుకున్న దొంగతో సమానంగా లెక్కించే రోజు వస్తే, డిసెంబరు పరిశీలనలకు ప్రాణం వస్తుంది.

ఆ వితంతువుకు ఏం చెబుతావని అడిగేవాళ్లుంటారు. నిజం చెబుతాను. గడువు పెట్టినందువల్ల ఒకానొక రోజు ఒకానొక మనిషి విషయంలో మనం మోసపోవచ్చు. అది జరగదని నేను హామీ ఇవ్వలేను. కాని ఆమె గొలుసు తెంపినవాడి పేరు ఆ రోజు ఏ షీటులోనూ లేదు. ప్రమాదమంతా "తెలిసినవాళ్ల" దగ్గర ఉందనుకోవడం మనకు ఊరట, అంతే. ఏడాదికొకసారి నిజంగా పరిశీలించిన పది షీట్లు, ఎవరూ చూడని వంద షీట్ల కంటే ఆమెను బాగా కాపాడతాయి. నిజంగా కనిపెట్టవలసిన మనిషి ఆ వందలో కలిసిపోడు.

ఒక సంగతి కోర్టు చేతిలో కూడా లేదు. బౌద్ధ గ్రంథాల్లో అంగుళిమాలుని కథ ఉంది. వేళ్లు కోసి దండ గుచ్చుకున్న హంతకుడు. అతన్ని పట్టుకోవడానికి ప్రసేనజిత్తు రాజు గుర్రపు దళంతో బయలుదేరి, బుద్ధుని దగ్గర భిక్షువుగా కూర్చున్న అతన్ని చూశాడు. మొదట భయపడ్డాడు. తర్వాత మాట్లాడాడు, నడవడిక చూశాడు, దండం పెట్టి వెళ్లిపోయాడు. రాజుగారి సమీక్ష అక్కడితో ముగిసింది. ఆ తర్వాత అంగుళిమాలుడు భిక్షకు ఊళ్లోకి వెళితే రాళ్లూ కర్రలూ వచ్చి తగిలాయి. పగిలిన భిక్షాపాత్రతో, నెత్తురోడుతూ తిరిగి వచ్చాడు. రాజు వదిలినా ఊరు వదలలేదు.

ఊరి తప్పూ పూర్తిగా కాదు. వేళ్లు పోయిన మనుషుల బంధువులు ఆ ఊళ్లోనే ఉన్నారు. రాజుకు ఒక్క మధ్యాహ్నంలో కుదిరిన నమ్మకం వాళ్లకు కుదరాలంటే ఏళ్లు పడుతుంది. కాని రాజు ముందుగా తన దళాన్ని వెనక్కి తిప్పకపోతే ఊరికి ఆ ఏళ్లు కూడా దొరకవు. గుమ్మం ముందు పోలీసు బండి ఉన్నంతకాలం పొరుగువాళ్లు ఆ ఇంటి వైపు వేరే కళ్లతో చూడలేరు. స్టూవర్టుపురంలో 1970ల నుంచి పనిచేసిన హేమలతా లవణం, లవణం దంపతులు పాత నేరాలను దాచలేదు, మరిచిపొమ్మని ఎవరినీ అడగలేదు. ఇప్పుడు నువ్వెవరివి, నీ పిల్లలు ఏం చదువుతున్నారు అని అడిగారు. ఆ ప్రశ్న అడగడానికి చట్టం అక్కరలేదు. చట్టం చేయవలసిందల్లా ఆ ప్రశ్నకు తావు వదలడం. అందుకు నిఘా మీద ఒక తేదీ రాసి ఉండాలి, ఆ తేదీని చదివేవాడు బయటివాడై ఉండాలి.